నరికిన చెరకు, కొత్త పిలక

బోధన్ రైతుకు కార్శి పంట కొత్త కాదు. చెరకు నరికాక చేనంతా మోళ్లే. చూస్తే ఎండిపోయినట్టే ఉంటుంది. కానీ నేలలోని దుబ్బు బతికే ఉంటుంది. రైతు మోళ్లను నేలమట్టానికి చెక్కుతాడు, నీళ్లు పెడతాడు. కొన్నాళ్లకు పిలక తలెత్తుతుంది.

పిలక వేసేది ఆ దుబ్బే. నీళ్లు పెట్టేది మాత్రం మరొకరి చెయ్యి.

మనిషి బతుకూ అంతే. బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది. దాని జీతం మీదే నడిచిన ఇళ్లు ఒక్కసారిగా తడబడ్డాయి. గల్ఫ్‌కు పోయిన మనిషి ఖాళీ చేతులతో తిరిగొచ్చినా అంతే. బీడీలు చుట్టే ఇల్లాలి కూలీ మీదే పొయ్యి వెలగాలి.

అలాంటప్పుడు ఊళ్లోని మహిళా సంఘం అక్కరకొస్తుంది. నెలనెలా కూడబెట్టిన పొదుపు, బ్యాంకు ఇచ్చే అప్పు ఒక కుట్టుమిషన్ అవుతాయి, ఒక బర్రె అవుతాయి. వాయిదా కట్టలేని నెలలో తోటి సభ్యుల మాట సాయమూ ఉంటుంది.

కష్టం డబ్బుదే కాకపోవచ్చు. ఇంట్లోనే దెబ్బలు తినే ఆడవాళ్లకు నిజామాబాద్‌లో సఖి కేంద్రం ఉంది. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కొద్దిరోజుల ఆశ్రయం అక్కడే అందుతాయి. ఫోన్ నంబరు 181. మళ్లీ వినండి, ఒకటి ఎనిమిది ఒకటి.

దుబ్బు ఆమెది. నీళ్లు పెట్టే చెయ్యి ఊరిది. ఈ పొద్దున ఏ వాకిట్లోనో ఒకామె ఆ మూడంకెలు నొక్కాలా వద్దా అని తటపటాయిస్తూ ఉండొచ్చు. పొరుగింటామె చీపురు పక్కన పెట్టి, ఆమె దగ్గరికి నడుస్తోంది.