సాగనంపని దీవెన సగమే

ఊరి బయట పొలంలో ఒక శవం కనిపించింది. ఆ మనిషి ఎవరో తెలియదు, ఎవరు చంపారో తెలియదు. అప్పుడేం చేయాలో ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం చెబుతుంది. శవం పడి ఉన్న చోటు నుంచి చుట్టుపక్కల ఊళ్లకు దూరం కొలవాలి. అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఊరి పెద్దలు, ఇంకా కాడి మోయని పెయ్యనొకదాన్ని, దుక్కి దున్నని, విత్తనం చల్లని లోయకు తోలుకెళ్లి దాని మెడ విరగదీయాలి. దాని మీద చేతులు కడుక్కుని, ఈ రక్తం మా చేతులు చిందించింది కాదని, మా కళ్లు చూసింది కాదని దేవుడి ఎదుట పలకాలి.

యూదుల ధర్మశాస్త్రాన్ని తరతరాలుగా చదివి, విడమరిచి చెప్పిన గురువులే రబ్బీలు. తొలితరాల రబ్బీలకు ఈ ఘట్టంలో ఒక సందేహం వచ్చింది. న్యాయపీఠం మీద కూర్చునే పెద్దమనుషులు హంతకులని ఎవరైనా అనుకుంటారా? అనుకోనప్పుడు వాళ్లచేత ఈ మాట పలికించడమెందుకు? క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా హనాసీ కూర్చిన మిష్నా ఈ ప్రశ్న వేసి, జవాబూ చెప్పింది. పెద్దలు పలికేది కత్తి గురించి కాదట. ఆ బాటసారి మా దగ్గరకు వచ్చి ఉంటే అన్నం పెట్టకుండా పంపలేదు, మా కంటబడి ఉంటే తోడు లేకుండా వదలలేదు అని వాళ్లు సాక్ష్యం చెప్పుకుంటున్నారట.

ఎంత కఠినమైన లెక్క ఇది! కత్తి ఎత్తినవాడు ఒక్కడే అయినా, ఆకలితో, ఒంటరిగా గడప దాటించినవాళ్లకు కూడా ఆ చావులో పాలుంటుంది. దీవెనల గురించి, వీడ్కోళ్ల గురించి ఈ గురువులు చెప్పుకున్న మాటలు చదువుతున్నకొద్దీ నా మనసుకు పట్టిన సత్యం ఒక్కటే. ‘క్షేమంగా వెళ్లు’ అనడం వెళ్లేవాడి తల మీద అక్షింతలు వేయడంతో తీరిపోదు. అన్నవాడి మీద కూడా అది ఒక బాధ్యత పెడుతుంది.

ఆ బాధ్యత ఎంతో వాళ్లు అడుగులు లెక్కపెట్టి మరీ చెప్పారు. మిష్నా మీద రబ్బీల చర్చలను కూర్చిన బాబిలోనియా తల్మూద్‌లోని సోటా భాగం ప్రకారం గురువు శిష్యుణ్ని ఊరి పొలిమేర దాకా సాగనంపాలి. స్నేహితుడు స్నేహితుణ్ని విశ్రాంతిదినాన నడవడానికి అనుమతి ఉన్నంత దూరం, అంటే రెండు వేల మూరలు, సుమారు కిలోమీటరు సాగనంపాలి. శిష్యుడు గురువును సాగనంపడానికి మాత్రం హద్దే లేదు. హద్దు లేదంటే ఎంత? రావ్ షేషెత్ అనే గురువు ఒక పర్సా అన్నాడు, అంటే దాదాపు నాలుగు కిలోమీటర్లు. తన విద్యకు మూలమైన గురువే అయితే మూడు పర్సాలు నడవాలి. తిరుగుదారి వేరే!

అంత నడవలేనివాళ్లను కూడా ఆ గురువులు వదిలిపెట్టలేదు. ఊళ్లో నాలుగు మూరల దూరం, అంటే గుమ్మం దిగి నాలుగడుగులు వేసినంత, తోడు నడిచినా కీడు దరిచేరదని రావ్ అనే మహాగురువు మాటగా చెప్పుకున్నారు. రవీనా అనే ఆయన రావా బర్ ఇత్జాక్‌ను నాలుగు మూరలు సాగనంపితే, మీదికొచ్చిన ఆపద తప్పిపోయిందని కూడా అక్కడే ఉంది. ఇంకో మెట్టు దిగి, వేలితో దారి చూపించినవాడి సంగతీ చెప్పారు. న్యాయాధిపతుల గ్రంథంలో లూజు పట్టణపువాడు ఒకడు వేగులవాళ్లకు ఊళ్లోకి దారి చూపించి, తన వాళ్లతో సహా బతికి బయటపడ్డాడు. నోరు విప్పనివాడికి, అడుగు కదపనివాడికి, ఒక్క వేలు చాపినందుకే అంత మేలు జరిగితే, కాళ్లతో కూడా నడిచేవాడికి ఎంత మేలు జరగాలి అని వాళ్ల తర్కం.

దీనికంతటికీ మూలపురుషుడు అబ్రాహాము. ఆదికాండం 18వ అధ్యాయంలో ఎండవేళ ముగ్గురు అపరిచితులు గుడారం దగ్గరకు వచ్చారు. ఆయనకప్పుడు 99 ఏళ్లు. సున్నతి జరిగి మూడో రోజని, ఒంట్లో నొప్పి ఇంకా తీరలేదని రబ్బీలు చెబుతారు. అయినా ఎదురు పరుగెత్తాడు, కాళ్లకు నీళ్లిప్పించాడు, రొట్టెలు చేయించాడు, లేగదూడను వండించాడు. వాళ్లు బయల్దేరితే గుడారం దగ్గరే ఆగి చేయి ఊపలేదు. సాగనంపడానికి వాళ్లతో కూడా నడిచాడు. సొదొమకు రాబోయే వినాశనాన్ని దేవుడు ఆయనకు చెప్పిందీ, ఆ ఊరి కోసం ఆయన దేవుడితో వాదించిందీ ఆ సాగనంపే దారిలోనే. గుమ్మం దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ ప్రార్థన పుట్టేదా?

అడుగుల తర్వాత మాటల సంగతి. తల్మూద్ బెరఖోత్ భాగం చివర రబ్బీ అవిన్ హలేవీ చెప్పిన సూత్రం ఒకటుంది. వెళ్లేవాణ్ని ‘శాంతితో వెళ్లు’ అనకూడదట, ‘శాంతికి వెళ్లు’ అనాలట. హెబ్రూలో తేడా ఒక్క అక్షరమే. అందుకు ఆయన రెండు వీడ్కోళ్లను పక్కపక్కన పెట్టాడు. మిద్యానులో మామ మందలు కాసుకుంటున్న మోషే, ఐగుప్తులో తనవాళ్లు బతికున్నారో లేదో చూసి వస్తానని సెలవు అడిగాడు. మామ యిత్రో ‘శాంతికి’ అని పంపాడు. ఆ అల్లుడు ఒక జాతినే బానిసత్వం నుంచి నడిపించేంతవాడయ్యాడు. ఇక దావీదు కొడుకు అబ్షాలోము హెబ్రోనులో మొక్కు తీర్చుకుంటానని సెలవు అడిగాడు. తండ్రి ‘శాంతితో’ అని పంపాడు. ఆ కొడుకు తిరుగుబాటు లేవదీసి, చివరికి చెట్టుకొమ్మల్లో తల చిక్కి వేలాడుతుండగా హతుడయ్యాడు.

మరి ‘శాంతితో’ అన్న మాట ఎవరికి చెప్పాలి? చనిపోయినవారికి. అబ్రాహాము తన పితరుల దగ్గరకు శాంతితో చేరతాడని దేవుడు ఇచ్చిన మాటే దానికి ఆధారం. నేను అర్థం చేసుకున్నంతలో, నడక ముగిసినవాడికి ముగింపు మాట చెల్లుతుంది. బతికున్నవాడు ఇంకా దారిలో ఉన్నాడు. అతనికి కావలసినదంతా ముందే సమకూరిందన్నట్టు మాట్లాడితే, అతను ఇంకా ఎదగవలసిన మనిషన్న సంగతి మనం మరిచినట్టే. తల్మూద్ అదే పుటలో మరో మాట చేర్చింది. విద్యావంతులకు ఈ లోకంలోనూ విశ్రాంతి లేదు, రాబోయే లోకంలోనూ లేదట. అక్కడ కూడా ఒక బలం నుంచి మరో బలానికి నడుస్తూనే ఉంటారట.

వెళ్లేవాడి చేతిలో ఏం పెట్టాలి? విడిపోయేటప్పుడు శాస్త్రపు మాట ఒకటి చెప్పి మరీ విడిపోవాలని, దానివల్ల చెప్పినవాణ్ని విన్నవాడు తలుచుకుంటాడని ఒక బోధ ఉంది. దానికి తల్మూద్ ఇచ్చిన ఉదాహరణ నాకెంతో ఇష్టం. రావ్ కహానా, రావ్ షిమీ బర్ ఆషీని పుమ్ అనే చోటు నుంచి బాబిలోనియా ఖర్జూర తోపుల దాకా సాగనంపాడు. అక్కడ ఆగి, ఈ చెట్లు ఆదాము కాలం నుంచీ ఉన్నాయని జనం చెప్పుకునేది నిజమేనా అని అడిగాడు. రావ్ షిమీకి ఆ ప్రశ్నతో తన పెద్దలు చెప్పిన వ్యాఖ్య గుర్తొచ్చింది. మనుషులు కాపురం ఉండాలని ఆదాము నిర్ణయించిన నేల జనంతో నిండిందని, నిర్ణయించని నేల అలాగే ఉండిపోయిందని యిర్మీయా వాక్యం ఒకదానికి అర్థం చెప్పాడు. ఇద్దరూ ఆ తోపు దగ్గర విడిపోయారు. ఖర్జూర చెట్టు కనబడినప్పుడల్లా ఒకరికొకరు గుర్తు రాకుండా ఉంటారా?

ఇక ఏమని దీవించాలన్న ప్రశ్నకు తానిత్ భాగంలో గొప్ప జవాబుంది. రావ్ నహ్మాన్, రబ్బీ ఇత్జాక్ కలిసి భోజనం చేశారు. రబ్బీ ఇత్జాక్ బయల్దేరుతుంటే, నన్ను దీవించి వెళ్లమని రావ్ నహ్మాన్ అడిగాడు. రబ్బీ ఇత్జాక్ ఒక కథ చెప్పాడు. ఎడారిలో ఆకలీ, దాహమూ, అలసటతో నడుస్తున్న ఒకడికి చెట్టు కనబడింది. పండు తియ్యగా ఉంది, నీడ చల్లగా ఉంది, చెట్టు మొదలు దగ్గర నీటి పాయ పారుతోంది. తిని, తాగి, సేదదీరి, బయల్దేరే ముందు నిన్నేమని దీవించనని ఆ చెట్టునే అడిగాడు. పండు తియ్యనవ్వాలందామా, ఇప్పటికే తియ్యగా ఉంది. నీడ, నీరు కోరదామా, అవీ ఉన్నాయి. చివరికి, నీ నుంచి నాటిన ప్రతి మొక్కా నీలాగే కావాలని కోరుకున్నాడు. నీ సంగతీ అంతేనని రబ్బీ ఇత్జాక్ ముగించాడు. విద్య ఉంది, సిరి ఉంది, సంతానం ఉంది, నీ కడుపున పుట్టినవాళ్లు నీలాంటివాళ్లు కావాలి అన్నాడు.

ఈ దీవెన పుట్టడానికి ముందు ఏం జరిగిందో గమనించండి. ఎదుటివాడికి ఏమేం ఉన్నాయో దీవించేవాడు కళ్లు తెరిచి చూశాడు. ఎవరికైనా సరిపోయే నాలుగు మాటలు కంఠతా పట్టుకుని అప్పజెప్పలేదు. నీడనిచ్చినవాడికి ఇంకా ఏది మిగిలి ఉందో వెతికి, దాన్నే కోరాడు.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక యూదు విద్యను నిలబెట్టిన రబ్బాన్ యోహనాన్ బెన్ జక్కాయ్ మరణశయ్య మీద ఇచ్చిన దీవెన ఇంకో తీరుది. శిష్యులు చుట్టూ చేరి దీవించమంటే, మనుషులకు ఎంత భయపడతారో దేవుడికి అంత భయపడండి చాలు అన్నాడు. అంతేనా అని వాళ్లు ఆశ్చర్యపోయారు. అంత ఉంటే అంతకన్నా కావలసిందేముంది, తప్పు చేసేవాడు ఎవరూ చూడకపోతే చాలనే కదా అనుకుంటాడు అని ఆయన జవాబు. పోయే ప్రాణం కూడా శిష్యులకు తీయని మాట చెప్పి ఊరుకోలేదు. వాళ్లకు పనికొచ్చే మాట చెప్పింది.

దీవెనలన్నిటికీ తలమానికం సంఖ్యాకాండం 6వ అధ్యాయంలోని యాజక దీవెన. మన తెలుగు చర్చిల్లో ఆరాధన ముగిశాక పాస్టరు చేతులెత్తి పలికే దీవెనల్లో అదీ ఒకటి. హెబ్రూలో అది మూడు వరుసల్లో 15 మాటలు, వరుసగా మూడు, ఐదు, ఏడు. చివరి మాట ‘షాలోమ్’, శాంతి. 1979లో యెరూషలేములోని కెతెఫ్ హిన్నోమ్ సమాధుల్లో గాబ్రియేల్ బర్కాయ్ బృందానికి దొరికిన రెండు చిన్న వెండి చుట్టల మీద ఈ దీవెన మాటలు చెక్కి ఉన్నాయి. ఇప్పటిదాకా దొరికిన బైబిలు పాఠాల్లో అంతకన్నా పాతవి లేవు. ఆలయం పోయినా ఈ దీవెన పోలేదు. యూదుల సమాజ మందిరాల్లో యాజకుడైన అహరోను వంశస్థులు నేటికీ చేతులు చాచి పలుకుతారు.

ఆ దీవెన పలికే ముందు యాజకుడు, ప్రజలను ప్రేమతో దీవించమని ఆజ్ఞాపించిన దేవుణ్ని స్తుతించాలని రబ్బీలు నియమం పెట్టారు. ప్రేమతో అన్న మాటను దానిలో చేర్చింది వాళ్లే. అసలు దీవించేది ఎవరన్న చర్చ కూడా చేశారు. యాజకులు పలికాక ‘నేను వారిని ఆశీర్వదిస్తాను’ అని దేవుడు అంటాడు. వారినంటే ఎవరిని? యాజకులు ప్రజలను దీవిస్తే దేవుడు యాజకులను దీవిస్తాడని రబ్బీ ఇష్మాయేల్ అన్నాడు. యాజకుల దీవెనకు దేవుడు సమ్మతి తెలుపుతాడని రబ్బీ అకీవా అన్నాడు. ఇద్దరి మాటలోనూ మనిషి నోరు తెరవనిదే పని మొదలు కాదు.

అందుకే సామాన్యుడి దీవెనను తేలికగా తీసుకోవద్దని వాళ్లు పదేపదే హెచ్చరించారు. దీనికి బెరఖోత్‌లో చెప్పిన కథ ఒళ్లు గగుర్పొడిచేలా ఉంటుంది. ప్రధాన యాజకుడైన రబ్బీ ఇష్మాయేల్ బెన్ ఎలీషా ధూపం వేయడానికి ఆలయ గర్భాన అడుగు పెట్టాడు. అక్కడ సింహాసనం మీద ఉన్న దేవుడు, నన్ను దీవించు నాయనా అని అడిగాడు. నీ దయ నీ కోపాన్ని గెలవాలి, నీ పిల్లలతో కఠిన న్యాయం దగ్గర ఆగకుండా కరుణతో మెలగాలి అని ఆయన దీవించాడు. దేవుడు తల ఊపాడు. సృష్టికర్తే మనిషి దీవెన కోరితే, ఇంటికొచ్చిన ముసలమ్మ నోటి మాటను కాదనే అర్హత మనకెక్కడిది?

మిష్నా గ్రంథం మొత్తం ముగిసేది రబ్బీ షిమోన్ బెన్ హలఫ్తా మాటతో. దీవెనను పట్టి నిలిపే పాత్రగా శాంతి తప్ప మరేదీ దేవుడికి దొరకలేదని ఆయన అన్నాడు. దీవెన అందుకునే మనిషి ఆకలితో, భయంతో, ఒంటరితనంతో ఉన్నంతసేపూ ఆ పాత్ర చేతికి రానట్టే. అన్నం, తోడు, మంచిమాట, ఇవి ముందు అందితేనే దీవెన నిలుస్తుంది.

కాబట్టి ఈ పూట మన ఇంటి నుంచి వెళ్లేవాళ్లెవరైనా సరే, చుట్టమైనా, మంచినీళ్లు అడిగిన డెలివరీ కుర్రాడైనా, పరదేశానికి ప్రయాణమైన బిడ్డైనా, దీవించే ముందు ఒకసారి వాళ్ల ముఖం చూద్దాం. ఏం తక్కువైందో అడుగుదాం. ఉన్నంతలో పెడదాం. గుమ్మం దిగి నాలుగడుగులు నడుద్దాం. ఆ తర్వాత నోరారా దీవిద్దాం. అలా పలికిన దీవెనకు దేవుడు సమ్మతి తెలపకుండా ఉండడని నమ్ముదాం.