చేతికంటిన మన్ను

శాస్త్రములలో ఘటమునకు లభించిన గౌరవము మఱియే వస్తువునకును లభింపలేదనిన అతిశయోక్తి కాదు. తర్కములో కార్యకారణములను నిరూపింపవలసివచ్చినను, వేదాంతములో బ్రహ్మమును బోధింపవలసివచ్చినను మన పెద్దలు మొదట కుమ్మరి వాకిటికే పోయిరి. కుమ్మరియు, దండచక్రములును నిమిత్తకారణములనియు, కుండ పుట్టకమునుపు దానికి ప్రాగభావమనియు, పగిలిన పిదప ప్రధ్వంసాభావమనియు నేను పండ్రెండవ యేట పాఠశాలలో వల్లించితిని. అన్నంభట్టు తర్కసంగ్రహము నాకు కంఠస్థము. అటుపిమ్మట ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు ఆ ఘటమునే బోధించితిని. కాని అరువదియైదేండ్లు నిండిన తరువాతగాని మట్టిముద్దను చేతబట్టి శ్రద్ధగా చూడలేదు. ఇది చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. అయినను చెప్పకున్నచో ఈ వ్యాసమునకు ప్రయోజనము లేదు.

అనంతపురము జిల్లా పడమటి పల్లెలలో, బళ్ళారి సీమను ఆనుకొనియున్న చోట్ల, జ్యేష్ఠ బహుళ అమావాస్యనాడు మట్టితో ఎద్దులను చేసి పూజించు ఆచారము కలదు. కన్నడమున మణ్ణనగా మన్ను, ఎత్తనగా ఎద్దు. కావున దానిని మణ్ణెత్తిన అమావాస్య యందురు. మన యిండ్లలో అది మట్టెద్దుల అమావాస్య. ఏరువాక పున్నమి గడచిన పక్షమునకు వచ్చు పండుగ యిది. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకవలసిన సీమ మాది. 2022లో జిల్లా రెండుగా విడివడినను కరవు మాత్రము ఉమ్మడిగనే మిగిలినది. అట్టిచోట వానకై యెదురుచూచు దినములలో రైతు తన యెద్దును మట్టిలో మలచి మ్రొక్కుట సహజమే. ఎద్దులను చేయు పనిలో పెద్దలకంటె పిల్లలకే ఉత్సాహ మెక్కువ.

గత సంవత్సరము పండుగకు నాలుగు దినములు ముందుగా అయిదేండ్ల మా మనుమరాలు పెరటిలోని ఎఱ్ఱమన్ను తట్టలో నింపుకొని వచ్చి అరుగుమీద కూర్చున్నది. నేను ప్రక్కనే పుస్తకము చూచుకొనుచుంటిని. నీరు పోసి యెంత పిసికినను ఆ మన్ను ముద్ద కాలేదు. కాలు పెట్టబోయిన కాలు, కొమ్ము పెట్టబోయిన కొమ్ము రాలుచుండెను. "ఇది పట్టుకోదు తాతా, రాలిపోతాంది" అనెను. మరునాడు తోడి పిల్లలతో పోయి చెరువులోని నల్లమన్ను తెచ్చెను. అది చక్కగా సాగినది. కొమ్ములు, మూపురము, తోక అన్నియు నిలిచినవి. కాని తెల్లవారుసరికి ఎద్దు మెడనుండి కడుపువరకు బీటవారెను.

బిడ్డ ఏడ్చునేమో యనుకొంటిని. ఏడువలేదు. బీటలో గోరు పెట్టి చూచెను. వాసన చూచెను. కొంతసేపటికి "చెరువు కూడా ఇట్లే పగిలింది కదా తాతా?" అని అడిగెను. ఆ మాటతో నేను పుస్తకము మూసితిని.

మూడవ దినమున ఆమెను వెంటబెట్టుకొని మా యూరి కుమ్మరి యింటికి పోయితిని. ఆ పెద్దమనిషి విరిగిన యెద్దును చేతిలో త్రిప్పి చూచి, "నల్లమన్ను ఒక్కటే అయితే ఆరేటప్పుడు బిగుసుకుంటుంది, పగుల్తుంది అయ్యవారూ. కొంచెం ఇసుక కలపల్ల" అనెను. బిడ్డ ఇంటికి వచ్చి ఇసుకకు మారుగా పెరటి ఎఱ్ఱమన్నునే జల్లెడపట్టి కలిపెను. ఈసారి యెద్దు నిలిచెను.

ఇందలి విషయము చిన్నది కాదు. మా ఎఱ్ఱనేలలు ఇసుకపాలు, గరసు ఎక్కువగా కలవి, లోతు తక్కువైనవి. కురిసిన నీటిని నిలుపుకొనలేవు. అందుచేతనే వానకు వానకు నడుమ ఎడము పెరిగిన వేరుసెనగ వాడిపోవును. నల్లమట్టిలో మిక్కిలి సన్నని రేణువులుండును. అది నీటికి ఉబ్బును, ఆరినప్పుడు ముడుచుకొని బీటలువారును. కనుకనే రైతులు వేసవిలో చెరువుమట్టిని బండ్లతో ఎఱ్ఱచేలకు తోలుదురు. ఒకదాని లోపమును మఱియొకదాని గుణముతో పూరింతురు. కుమ్మరియు, కాపును తరతరములుగా ఎరిగిన యీ సంగతిని ఆ బిడ్డ తన వ్రేళ్ళతో మూడు దినములలో తెలిసికొన్నది. గంధము పృథివి గుణమని నేను వేలసారులు చెప్పితిని. ఎఱ్ఱమన్ను వాసన వేరు, నల్లమన్ను వాసన వేరని ఆమె చెప్పువరకు నాకు తోచలేదు.

ఛాందోగ్యములోని శ్వేతకేతువు కథ పాఠకులెరిగినదే. పండ్రెండవ యేట గురుకులమునకు పోయి, ఇరువదినాలుగేండ్లవాడై, సర్వమును చదివితినను గర్వముతో ఆతడు తిరిగివచ్చెను. తండ్రియగు ఉద్దాలకుడు, ఒక్క మట్టిముద్దను ఎరిగినచో మట్టితోనైన వన్నియు ఎట్లు తెలియునో చూపి, అట్టి విద్యను అడిగి తెలిసికొంటివా యని ప్రశ్నించెను. తరువాత ఆయన యేమిచేసెనో గమనింపుడు. మఱ్ఱిపండు తెమ్మనెను, పగులగొట్టుమనెను, గింజను చీల్చుమనెను, ఏమి కనబడుచున్నదని అడిగెను. ఉప్పును నీటిలో వేయించి, మరునాడు పైనీటిని, నడిమినీటిని, అడుగునీటిని రుచి చూడుమనెను. పండ్రెండేండ్ల చదువు ముగించిన కుమారునకు పరతత్త్వము చెప్పుటకు ఆ మహర్షి చేతిని, కంటిని, నాలుకను ఆశ్రయించెను. నేనో, పాఠశాల వాకిటిలోనే మఱ్ఱిచెట్టుండగా, ఒక్కనాడును పండు కోయింపకయే ఆ ఘట్టమును ముగించితిని.

ఇచ్చట ఒక పూర్వపక్షము రాగలదు. ఆకారములు పేరుకు మాత్రమే యనియు, మట్టియే సత్యమనియు చెప్పు వేదాంతము చదివినవారు పిల్లలను ఆకారములలో ముంచుట తగునా? శంకరులు కార్యమునకు కారణముకంటె వేరుగా సత్తలేదనిరి. రామానుజులు కార్యము ఆ ద్రవ్యమునకే మఱియొక అవస్థ యనియు, అదియు సత్యమేయనియు అనిరి. సిద్ధాంతములు వేరైనను ఇరువురకును మట్టి కావలసివచ్చినది. పెక్కు ఆకారములను చేసి, చెరిపి, మరల చేసినవానికిగదా అన్నిటిలోను ఉన్నది ఒక్కటేయని తెలియుట! చూడనివానికి అది వట్టి వాక్యము.

మఱియొక ఆక్షేపము శౌచమును గూర్చినది. మన్ను మురికియని పిల్లలను కసరువారు, ధర్మశాస్త్రము చేతులను శుద్ధిచేసికొనుటకు విధించినది ఆ మృత్తికనే యని మరచుచున్నారు. మన్ను తినరాదు. కడుపులో పురుగులు చేరును. ఆడిన పిదప గోళ్ళవరకు చక్కగా కడుగుకొనవలెను. ఈ జాగ్రత్త చెప్పుట వేరు, మన్నునే అసహ్యించుకొనుట నేర్పుట వేరు.

వీథిబడులలో మన పూర్వులు పిల్లలచేత ఇసుకలోనే అక్షరములు దిద్దించెడివారు. జర్మనీలో 1837లో శిశువిద్యాలయము స్థాపించిన ఫ్రోబెల్ పిల్లల పనులలో మట్టిపనిని చేర్చెను. 1920లో భావనగరమున గిజుభాయి బాలమందిరము వెలసెను. 1939లో మాంటిసోరి మదరాసుకు వచ్చి, ఇంద్రియములను మేల్కొలుపు విద్యను మన ఉపాధ్యాయులకు నేర్పెను. 1975లో అంగన్వాడీలు ఆరంభమైనవి. అంగనమనగా వాకిలి, ఆ పేరులోనే మన్నున్నది. అక్కడ పలకకు ముందు రెండు రకముల మన్ను, గుప్పెడు గింజలు, నాలుగు రాళ్ళు పిల్లల చేతికిచ్చి, ఏమి కనబడినదని అడుగుటకు ఖర్చేమియు లేదు.

ఇంతవరకు చెప్పినది ఇతరులకు. ఇక నా సంగతి. చాల యేండ్ల క్రిందట ఒక బడిలో ఘటశబ్దమును చెప్పుచుండగా, కడపటి వరుసలోని బాలుడొకడు బల్ల క్రింద మట్టితో ఏదో చేయుచుండెను. వాడు కుమ్మరివారి బిడ్డ. నేను పోయి, దానిని లాగికొని కిటికీనుండి పారవేసి, "మట్టిచేతులతో సంస్కృతము వచ్చునా?" అంటిని. పిల్లలందరును నవ్విరి. వాడు మారుమాటాడక చేతులను వీపువెనుక దాచుకొనెను. ఆ సంవత్సరమంతయు నా తరగతిలో వాని చేతులు నాకు కనబడలేదు. అది ఎద్దో, కుండయో, మఱేమో నేను చూడనైనలేదు.

బాలకృష్ణుడు మన్ను తినెనని విన్న యశోదయు కోపించినది, చేయిపట్టుకొని మందలించినది. కాని నా నోరు చూడుమని బిడ్డ యనగా, తెరువుమని చూచినది. కోపములోను చూచినది కనుకనే ఆ తల్లికి విశ్వము కనబడినది. తిరుమల క్షేత్రమాహాత్మ్యములో భీముడను కుమ్మరి పనినడుమ తన చేతిలోని మట్టితోనే పూలుచేసి స్వామికి అర్పించెనని, తొండమానుని బంగారుపూలకంటె ఆ పూలే స్వామికి ప్రియములైనవని చెప్పుదురు. ఈ రెండు కథలను పురాణకాలక్షేపములలో ఎన్నిమారులు చెప్పితినో లెక్కలేదు. చెప్పునప్పు డొక్కనాడైనను ఆ బాలుని చేతులు నాకు జ్ఞప్తికి రాలేదు. చదివినది మనస్సునకు ఎక్కక నాలుకమీదనే నిలిచిపోవుట యనగా ఇదియే.

అమావాస్య సాయంకాలము పూజ ముగిసిన పిదప పిల్లలు ఎద్దులను చెరువునకు కొనిపోయిరి. కలుపుటకు నీరు లేదు. మనుమరాలు తన రెండెద్దులను బీటవారిన నేలమీద నిలిపి, "వానొస్తే కరిగిపోతాయి కదా తాతా?" అనెను. అవునంటిని. "రాకపోతే?" నా చదువులో దానికి సమాధానము లేదు. ఆమెయే కొంచెమాలోచించి, "రాకపోతే రేపొచ్చి చూస్తాం" అనెను. పదిదినములపాటు రోజును పోయి చూచితిమి. పదునొకండవ రాత్రి వాన కురిసెను. ఉదయము ఎద్దులున్నచోట రెండు చిన్న దిబ్బలుమాత్రము మిగిలియుండెను. ఆమె వానిని ఒక్కటిగా ముద్దచేసి, సగము నా చేతిలో పెట్టి, "నువ్వు చక్రం చెయ్యి, నేను బండి చేస్తా" అనెను. నేను చేసిన చక్రము గుండ్రముగా రాలేదు.

పాఠకులకు నా మనవి యొక్కటే. బిడ్డ మట్టిచేతులతో మీ యెదుట నిలిచినప్పుడు, ఛీ యనుటకు ముందు "ఏదీ, చూపించు" అనుడు. ఆ బాలుడిప్పుడు ఎచ్చటనున్నాడో నేనెరుగను. ఆనాడు వానితో అనవలసిన మాట అదియే.