ఒక్క రాత్రి రాణీగారు

ఏడుమల్లెలెత్తు రాకుమారి కథ వినకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్ళల్లో ఉండదేమో! ఒంటిస్తంభం మేడ, హంసతూలికా తల్పం, అటొకరు ఇటొకరు వింజామరలు విసిరే చెలికత్తెలు... ఇవన్నీ వింటూ అన్నం ముద్దలు మింగినవాళ్ళమే మనమంతా. ఒక్క సంగతి గమనించారా? కథ వింటున్న పిల్ల ఎప్పుడూ తనని రాకుమారిగానే ఊహించుకుంటుంది. వింజామర పట్టుకున్న పిల్లగా ఊహించుకున్నట్టు నేనింతవరకూ ఎవరి నోటా వినలేదు. కథలో చెలికత్తెలు వందమంది, రాకుమారి ఒక్కతే. లెక్క ప్రకారం చూసుకుంటే మన వంతుకి వచ్చేది వింజామరే. అయినా ఆ లెక్క ఎవరిక్కావాలి?

సరిగ్గా ఈ ఆశ మీదే ఇప్పుడొక వ్యాపారం నడుస్తోంది. రాజులు కట్టుకున్న కోటలూ, మహళ్ళూ హోటళ్ళయి కూర్చున్నాయి. డబ్బు కడితే ఒక్క రాత్రి రాణీగారిలా పడుకోవచ్చు. హైదరాబాదులో ఫలక్‌నుమా సంగతి మీకు తెలిసే ఉంటుంది. గేటు దగ్గర కారు దింపి గుర్రబ్బగ్గీ ఎక్కిస్తారు. మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీరేకులు చల్లుతారు. ఆ ఒక్క రాత్రికయ్యే ఖర్చు మనబోటి ఇళ్ళల్లో చాలామందికి నెల జీతం.

మా ఆడపడుచు కూతురు తన పదో పెళ్ళిరోజుకి అక్కడ ఒక్క రాత్రి ఉండాలని ముచ్చటపడింది. ఉద్యోగం చేసుకుంటోంది, తన డబ్బు తనిష్టం. కానీ మా ఇంట్లో నలుగురూ నాలుగు మాటలు అనకుండా ఏ సంగతీ గుమ్మం దాటదు కదా! మా తోడికోడలు, నేను అక్కయ్యా అని పిలిచే ఆవిడ, ముందుగా అందుకుంది.

“జనం నెత్తురు పిండి కట్టుకున్న ఇళ్ళవి. మళ్ళీ మనమే డబ్బిచ్చి అందులో పడుకోవాలటే?”

పిల్ల తక్కువ తిన్నదా! “మా ముత్తాతని ఆ గేటు దగ్గర నిలబడనిచ్చేవారా పెద్దత్తయ్యా? నేను దర్జాగా బగ్గీలో లోపలికి పోతాను. అంతకంటే ఏం కావాలి?” అంది.

ఇద్దరూ నా వంక చూశారు. నవలలు రాసేవాళ్ళకి ఈ చిక్కొకటుంది, ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళదే న్యాయమనిపిస్తుంది.

అసలు ఆ మేడ కథేమిటో చూడండి. చాలామంది అనుకున్నట్టు దాన్ని కట్టించింది నిజాం కాదు. పాయిగా వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా. తర్వాత హైదరాబాదుకి ప్రధానమంత్రి కూడా అయ్యాడాయన. 1884లో పునాది వేశాడు. ఇటలీ పాలరాయి తెప్పించాడు. నూటొక్కమంది ఒక్కసారే కూర్చుని తినే భోజనాల బల్ల పెట్టించాడు. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం అని అర్థం. తీరా పూర్తయ్యేసరికి ఆకాశాన్నంటినవి అప్పులు! ఎక్కే గడపా దిగే గడపా అయిన వేళ, 1897లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి ఇల్లు అప్పగించి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఉపాయం ఆయన బేగం చెప్పిందేనంటారు. (ఇల్లు కట్టేటప్పుడు అడగని సలహా మునిగేటప్పుడు అడగడం ప్రభువుల ఇళ్ళల్లోనూ ఉన్నదే కాబోలు!) ఆరో నిజాం 1911లో అక్కడే కన్నుమూశాడు. ఏడో నిజాం అక్కడ కాపురమే పెట్టలేదు, వచ్చేపోయే పెద్దలకి అతిథిగృహంగా ఉంచేశాడు. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ బస చేశాక ఆ ఇంటికి చెప్పుకోదగ్గ అతిథే లేడు. దశాబ్దాలు తాళాలు పడి, పదేళ్ళ మరమ్మతుల తర్వాత 2010లో హోటలయింది.

కట్టినాయన అప్పులపాలై వదులుకున్నాడు. పుచ్చుకున్నాయన పధ్నాలుగేళ్ళు తిరక్కుండా పోయాడు. వారసుడికి అక్కర్లేకపోయింది. అంటే మనం నెల జీతం పోసి కొనుక్కునేది, ఆ ఇంటివాళ్ళకే సరిగ్గా దక్కని నిద్రన్నమాట!

ఒక్క ఫలక్‌నుమాయే కాదు. జోధ్‌పూర్‌లో ఉమైద్ భవన్ ఉంది. 1929లో మొదలుపెట్టి 1943లో పూర్తి చేశారు. గదులు దగ్గర దగ్గర మూడువందల యాభై. వరసగా వానల్లేక జనం అల్లాడుతుంటే, వాళ్ళకి పని చూపించడానికని మహారాజా ఉమైద్ సింగ్ ఆ మేడ తలపెట్టాడు. వేలమంది రాళ్ళు మోసి, మలిచి, పొయ్యి వెలిగించుకున్నారు. అక్కయ్య అన్నట్టు జనం నెత్తురు పిండి కట్టిన ఇల్లని దీన్ని గబుక్కున అనలేం. జనానికి కూలి దొరికిన మాట నిజం. అయితే కరువు పని అంటే మనకీ తెలుసు. 1876–78 నాటి కరువులో బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించింది ఆ లెక్కలోనే. కాలువయితే తవ్విన కూలివాడి మనవడి పడవ కూడా అందులో నడుస్తుంది. మేడ కట్టిన కూలివాడి మనవడు అందులో అడుగుపెట్టాలంటే టిక్కెట్టు కొనాలి, లేదా ఉద్యోగం దొరకాలి. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం వేరు, ఆ పేరుతో మూడువందల యాభై గదులు కట్టుకోవడం వేరు అని నాకనిపిస్తుంది. ఉమైద్ సింగ్ మహారాజు మాత్రం ఆ ఇల్లు పూర్తయిన నాలుగేళ్ళకే, 1947లో పోయాడు.

1971లో రాజభరణాలు రద్దయ్యాక ఈ ఇళ్ళవాళ్ళకి వచ్చిన కష్టం మనకి అర్థం కానిదేం కాదు. పెద్ద ఇల్లు, చిన్న రాబడి, కారే కప్పు. మన పేటలో రిటైరయిన మాస్టారేం చేస్తారు? ముందు వాటా అద్దెకిచ్చి వెనక వాటాలో సర్దుకుంటారు. ఉమైద్ భవన్‌లో జరిగిందీ అదే. ఒక వాటాలో రాజకుటుంబం, ఒక వాటాలో మ్యూజియం, తక్కిన వాటా హోటలు. నీళ్ళ దగ్గర పేచీలుంటాయో లేదో మరి!

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. హోటలు కాకపోతే ఈ ఇళ్ళల్లో చాలావాటికి గబ్బిలాలే గతి. రాజస్థాన్‌లో నీమ్రానా కోట అయిదువందల ఏళ్ళకి పైబడ్డది. పాడుబడిన దాన్ని బాగుచేసి 1991లో హోటలుగా తెరిచారు. గోడ నిలబడాలంటే సున్నం కావాలి, సున్నానికి డబ్బు కావాలి. మన జిల్లాల్లో గడీలూ కోటలూ రావిమొక్కలు మొలిచి పగుళ్ళు బారడం చూస్తూనే ఉన్నాంగా. కనుక హోటలు కావడమే పాపమనే మాట నేనొప్పుకోను.

కోటల్లో పడకలు వెయ్యడం మన రాజులు కనిపెట్టిన విద్య కూడా కాదు. స్పెయిన్ దేశంలో 1928 నుంచీ సర్కారువారే ఇలాంటి బసలు నడుపుతున్నారు. పాత కోటలు, మఠాలు, ప్రభువుల భవనాలు అందులో చేరాయి. లియోన్ పట్నంలో శాన్ మార్కోస్ అని అలాంటిదొకటుంది, గొప్ప అందమైన కట్టడం. 1936లో మొదలైన అంతర్యుద్ధంలో వేలమంది ఖైదీలని కుక్కిన చోటది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ కోట 1996 దాకా జైలు. ఇప్పుడు ఆ ఖైదు కొట్లే హోటలు గదులు, తలుపులతో సహా. మెత్తటి దిండు మీద తల పెట్టుకుని, ఇదే గోడని చూస్తూ ఇంకొకరు రోజులు లెక్కపెట్టుకున్నారని తెలిసి నిద్రపోవడం ఎలా సాధ్యమో! ‘పురుడొచ్చిన గదే, ప్రాణం పోయిన గదే మన ఇళ్ళల్లోనూ పడకగది, చోటుకి అంటేదేముంది?’ అని మీరనవచ్చు. నిజమే. కానీ మన ఇంట్లో పోయినవాళ్ళని పేరు పెట్టి తలుచుకుంటాం, ఏడాదికోసారి విస్తరి వేస్తాం. వాళ్ళెవరో కూడా తెలుసుకోకుండా ఆ గోడలని వేడుక చేసుకోవడంలోనే ఏదో లోపముంది.

చెలికత్తెల దగ్గరికి వద్దాం. హోటలు కాగితాల్లో ఎక్కడ చూసినా ఒకటే మాట, మిమ్మల్ని మహారాణిలా చూసుకుంటామని. మహారాణి నిద్రపోవాలంటే ఎంతమంది మేలుకోవాలో ఆ కాగితంలో రాయరు. పాదాలొత్తే మనిషి, దీపం ఎగదోసే మనిషి, తెల్లారకముందే నీళ్ళు కాచే మనిషి. వాళ్ళకి సెలవు లేదు, మానేస్తానని చెప్పే నోరూ లేదు. ఇవాళ మేడ మీదనుంచి పూలు చల్లే అమ్మాయి వేరు. ఆమెకి జీతముంది, వారానికో సెలవుంది, గిట్టకపోతే ఇంకో హోటలుంది. డ్యూటీ దిగి బట్టలు మార్చుకుని ఏ బస్సో ఎక్కి ఇంటికెళ్ళి, ‘ఇవాళ ఒకావిడ పూలు పడగానే ఏడ్చేసిందమ్మా’ అని వాళ్ళమ్మకి చెప్పి నవ్వుకుంటుంది కూడానేమో. సేవ చేయించుకోవడంలో తప్పు లేదు, ఆ చేసే మనిషికి పొమ్మన్నా పోవడానికి తోవ లేకపోవడం తప్పు. నాకు తోచిన తేడా ఇదీ.

ఈ మాటే అక్కయ్యతో అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. “ఎన్ని చెప్పినా రాజుల పొగరు రాజుల పొగరే” అంది. అంటూ కాఫీ కలుపుతోంది. మాకు స్టీలు గ్లాసుల్లో పోసింది. గట్టు చివర విడిగా బోర్లించి ఉన్న పాత గ్లాసొకటి తీసి, అందులో పోసి, పనమ్మాయికి పెరటి గుమ్మంలో ఇచ్చింది.

నేనేమీ అనలేదు. ఆ గ్లాసు మీ వంటింట్లో ఉందో లేదో నాకు తెలియదు, మీకు తెలుసు. జనం నెత్తురంటూ ఆవేశపడ్డ ఆ నోటికీ, గ్లాసు వేరుచేసిన ఆ చేతికీ మధ్య దూరం జానెడే. అక్కయ్య చెడ్డది కాదు, పనమ్మాయి కూతురికి స్కూలు పుస్తకాలు కొంటుంది. కానీ రాణీగారు కావడానికి గుర్రబ్బగ్గీయే ఎక్కనక్కర్లేదు. ఒక్క గ్లాసు వేరుచేస్తే చాలు, రెండు గదుల ఇల్లు కూడా అంతఃపురమైపోతుంది. నన్నడిగితే, ఆ హోటలు బిల్లు కట్టి మర్నాడు పొద్దున్నే రాణీపాత్ర వదిలేసి వచ్చే మా పిల్లే కొంత నయం.

మహల్లో రాణిననుకోకుండా మసలడం సాధ్యం కాదా అంటే, నాకు తెలిసి సాధ్యమే. నేను బి.ఏ. చదివింది హైదరాబాదు కోఠీ ఉమెన్స్ కాలేజీలో. అది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. పంధొమ్మిదో శతాబ్దం మొదట్లో కిర్క్‌పాట్రిక్ అనే దొర హయాంలో కట్టిన మహాసౌధం. ఆయన పెళ్ళాడిన ఖైరున్నీసా బేగం పరదాలో ఉండేది. ముందు నిలబడి ఇల్లు చూడ్డానికి వీల్లేదని, ఆమె కోసం ఆ భవనానికి చిన్న నమూనా ఒకటి తోటలో కట్టించాడని చెబుతారు. సొంత మొగుడి ఇంటిని బొమ్మలో చూసుకుంది పాపం! 1949లో ఆ భవనం ఆడపిల్లల కాలేజీకి వచ్చింది. ఆవిడ నిలబడలేని ముందు మెట్ల మీద, ఆ రాతి సింహాల మధ్య కూర్చుని మేం పులిహోర డబ్బాలు విప్పుకునేవాళ్ళం. పరీక్ష ఫీజుల గురించి గొడవపడేవాళ్ళం. మాలో ఎవరికీ రాణులమనిపించలేదు. అది మా కాలేజీ, అంతే.

ఆ కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయమయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన కౌలు పొలం కోసం, తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలబడ్డ ఆ ఐలమ్మే. వెట్టిచాకిరీ రోజుల్లో దొరల గడీలకి బట్టలుతికిన కులం ఆమెది. ఆ మెట్లెక్కే ఆడపిల్లల సర్టిఫికెట్ల మీద ఇప్పుడు ఆమె పేరు అచ్చవుతుంది. పెద్ద మేడలన్నీ కాలేజీలు చెయ్యాలని నేననడం లేదు. కాలేజీ అయినంత మాత్రాన కప్పు కారడం మానదని అక్కడ చదివినదాన్ని, నాకు తెలుసు.

ఇంకొక ఇంటి సంగతి చెప్పాలి. జయపూర్‌లో రాంబాగ్. 1950ల చివర హోటలయింది, ఆ పని ఆనాటి మహారాణి గాయత్రీదేవికి ఎంతమాత్రం ఇష్టం లేకపోయింది. వందల కొద్దీ దీపాలు, నెమళ్ళు తిరిగే పచ్చికలు, మహారాణుల పేర్ల గదులు, ఎంతెంతో అద్దెలు. ఆ చోట మొట్టమొదట, 1835లో, కట్టింది మహలు కాదు, చిన్న తోట ఇల్లు. కట్టింది రాణి కోసమూ కాదు, అంతఃపురంలో కొలువుచేసిన ఒక దాసి కోసం. తర్వాత అది వేటబంగళా అయింది, ఆపైన మహలయింది. ఆవిడ మంచం ఎక్కడ వేసుకునేదో ఆ చోటు చూపించి, ఒక్క రాత్రి అక్కడ పడుకోనిస్తానంటే మాత్రం, చీటీ పాడయినా సరే, డబ్బు కట్టాలని నాకుంది.