ఆ చోట ఎవరి గొంతు?

ఫోను పట్టుకుని నడుస్తూ పోతే ఒక చోటుకు రాగానే అదే కథ ఎత్తుకుంటుంది. ఇలాంటి యాప్‌లు పుట్టి చాలాకాలమైంది. 2000 మే నెలలో అమెరికా జీపీఎస్‌లో తాను కావాలని పెట్టిన తేడాను తీసేశాక దారి సుగమమైంది. టొరంటోలో 2003లో 'మర్మర్' అని ఒకటి మొదలెట్టారు. అది మరీ సాదా. వీధిలో చెవి ఆకారపు బోర్డు, దాని మీద నంబరు. ఫోను చేస్తే ఆ వీధివాళ్ళ గొంతులోనే ఆ వీధి ముచ్చట.

ఖమ్మం దాటి భద్రాచలం అడవుల్లోకి పోతే ఇదేం కొత్త విద్య కాదు. పర్ణశాలలో రాతి మీది చారలు చూపి సీతమ్మ చీర ఆరేసిన చోటంటారు. ఏటపాకలో జటాయువును చెబుతారు. అయితే చెప్పే మనిషి ఎదురుగా ఉంటాడు, మధ్యలో 'అట్లా కాదు' అనొచ్చు. ఫోనుతో అనలేం. మా పేచీ అక్కడ.

అడవిలో పరీక్షించేవాళ్ళకు ముందు యంత్రం తిప్పలే కనబడతాయి. టవరు లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది, కానీ కథల్ని ముందే ఫోనులోకి దింపుకోవాలి. దట్టమైన చెట్ల కింద చుక్క పక్కకు జరిగి ఒక రాయి కథ ఇంకో రాయి దగ్గర మోగుతుంది. వలయం కొలత మార్చి చూస్తే అది కొంత సర్దుకుంటుంది. గుడి మెట్ల దగ్గర చుక్క పెట్టారనుకోండి, ఎవరి కథ మోగాలి? పుట్టలో విగ్రహాలు చూసిందనే పోకల దమ్మక్కదా? గుడి కట్టించిన కంచర్ల గోపన్నదా? ఆయన్ని చెరలో పెట్టిన తానీషాదా?

తానీషా పేరున మొదలైన ముత్యాల తలంబ్రాలను ఇవాళ్టికీ ప్రభుత్వమే పంపుతోంది. మేమూ మురుస్తాం. కానీ ఆ కథలో సాయిబుకు రెండే వేషాలు. చెరలో వేసేవాడు, రాముణ్ణి చూసి మారినవాడు. 1687లో గోల్కొండ పడ్డాక అదే అబుల్ హసన్ ఔరంగజేబుకు చిక్కి చచ్చేదాకా దౌలతాబాద్ కోటలో ఖైదీగా ఉన్నాడు. ఆ ముక్క భద్రాచలం మెట్ల మీద ఎవరూ చెప్పరు. చోటు వేరంటారు. చోటు పేరు చెప్పి మనిషిని సగానికి కోసెయ్యొచ్చా?

'అన్నీ కలిపి సామరస్యం కథ చేద్దాం' అంటారు సెక్యులర్ మిత్రులు. వాళ్ళ మనసు మంచిదే. కలిపేశాక ఏ గొంతు ఎవరిదో మిగలదే! అసలు యాప్ మొదట అడిగేదే భాష. ఒక్కటే నొక్కాలి. మా ఇళ్ళల్లో కథ ఉర్దూలో మొదలై తెలుగులో తేలుతుంది, ఏది నొక్కాలి? కోయలో చెప్పే ముసలమ్మకు మీట ఉంటుందా?

ఇంకొకటి. 2014లో పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రలో కలిపారు. నీట మునిగే ఊరికి చుక్క ఎక్కడ పెట్టాలి? నీళ్ళ మీదా, పునరావాస కాలనీలోనా? ఫోను తీసేముందు ఆ ఊరివాళ్ళను అడగాలి. వద్దంటే ఆ చోట ఏదీ మోగకుండా వదిలెయ్యాలి.