ఎవరు ఎవరికి అలవాటు పడాలి?

"కొన్నాళ్ళకి అలవాటైపోతుందిలే" అనే మాట వినకుండా పెరిగిన ఆడవాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? అత్తవారింటి గురించీ, ఉద్యోగం గురించీ చెప్పిన ఈ మాటే, నా పాత లాప్‌టాప్‌లో ఉబుంటు వేయించుకున్నప్పుడు మళ్ళీ విన్నాను.

ఇబ్బందులు చిన్నవేమీ కావు. పలాస జీడి పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్ళ మాటలు కొన్నేళ్ళ క్రితం సేకరించి, టెక్కలిలో డి.టి.పి. చేయించాను. అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఇక్కడ తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. వాటిని మార్చుకోవాలి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవాలి. నేర్చుకుంటే వస్తుంది. కానీ అలవాటు కావడం, అనువుగా ఉండడం ఒకటేనా?

ఆ మాటల్లోనే జవాబుకి దారి దొరికింది. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. వేళ్ళు నల్లబడిన ఒకామె నాతో, "సెయ్యి అలవాటైపోనాదమ్మా" అంది. అలవాటైంది చెయ్యే గాని పని మారలేదు. దాన్ని ఆమె నేర్పు అని మెచ్చుకోవడం సులువు. అలా మెచ్చుకుంటే పనిని మార్చాల్సిన బాధ్యత ఎవరి మీదా ఉండదు.

ఉబుంటులో కనిపించే డెస్క్‌టాప్‌కి ఆధారం గ్నోమ్. అది 1997లో మొదలైంది. 2011లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు పాత రూపం పూర్తిగా మారిపోయింది. చాలామందికి నచ్చలేదు. వాళ్ళలో కొందరు సర్దుకుపోలేదు. గ్నోమ్ 2 కోడ్ తీసుకుని "మాటే" అనే వేరే డెస్క్‌టాప్ చేసుకున్నారు. కోడ్ చదవడానికీ, మార్చడానికీ, పంచడానికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఇచ్చే హక్కు వల్లే అది సాధ్యమైంది. మార్చే హక్కు ఉన్నచోట అలవాటు పడడం ఒక ఎంపిక అవుతుంది. అది లేనిచోట లొంగుబాటే.

అయితే ఆ హక్కు వాడుకున్నదెవరు? 2006లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కింద గ్నోమ్‌కి 181 దరఖాస్తులు వస్తే, అందులో ఆడవాళ్ళది ఒక్కటీ లేదు. ఎవరినీ రావద్దని లైసెన్సులో రాసి లేదు. ఇంటిచాకిరీ అయ్యాక ఆడవాళ్ళకి మిగిలే సమయం గురించి మాత్రం ఏ లైసెన్సూ మాట్లాడదు. ఆ ఏడాదే గ్నోమ్ వాళ్ళు స్త్రీల కోసం భృతితో ప్రత్యేక కార్యక్రమం పెట్టారు. అదే తర్వాత అవుట్‌రీచీగా పెరిగింది. తలుపు తెరిచి ఉంచితే చాలదనీ, వచ్చేవాళ్ళ సమయానికి విలువ కట్టాలనీ అప్పటికి అర్థమైందన్నమాట.

అందుకే "వాడడానికి తేలిక" అన్నప్పుడల్లా ఎవరికి తేలిక, ఎవరి చాకిరీ మీద తేలిక అని అడగాలి. ఈ ప్రశ్న నాకూ వర్తిస్తుంది. మెనూల్లో తెలుగు మాటలు కృతకంగా ఉన్నచోట మార్పులు సూచించడానికి ఇప్పుడు వారానికో గంట కూర్చుంటున్నాను. ఆ గంట నాకు మిగిలేది అమ్మ వంట చేస్తోంది కాబట్టి. జీడి బట్టీలో పొద్దంతా కూర్చుని, ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించే మనిషికి ఆ గంట ఎవరిస్తారు? ఆమెకు దక్కనంతవరకూ ఈ స్వేచ్ఛని మనందరి స్వేచ్ఛ అని నేను అనలేను.