హోలీనాటి క్షమ

ఫాల్గుణ పూర్ణిమనాటి రాత్రి హోలికా దహనం. మరునాడు ఉత్తర భారతమంతటా రంగుల పండుగ. చలి వెనుదిరిగి, గోధుమ కంకులు పండుబారే వేళ అది. తెలుగువారు కామదహనం చేసి కామునిపున్నమి జరుపుకొనేదీ ఆ పూర్ణిమకే. హోలీనాడు హిందీ ప్రాంతాలలో వీధివీధినా ఒక మాట వినవస్తుంది: 'బురా న మానో, హోలీ హై' - కోపగించుకోకండి, ఇది హోలీ. వినడానికి సరసమైన మాటే. నిదానించి చూస్తే అందులో ఒక ధర్మసందేహం ఉన్నది. రంగు చల్లేవాడు తప్పు చేయకముందే క్షమను పుచ్చుకొంటున్నాడు. ఇవ్వవలసినవాడు ఇచ్చినాడా అని ఎవరూ అడగరు.

నా బాల్యంలో మా వీధికి ఒక వృద్ధుడు పాలు తెచ్చేవాడు. హోలీనాడు పిల్లలమంతా అతనిపై పిచికారీలు గుప్పించేవాళ్ళం. అతడు చేతులు జోడించి నవ్వేవాడు. ఒక ఏడు మా అమ్మమ్మ అది చూచి, "ఏరా, ఆ ముసలాయన నీ ముఖాన కూడా గులాల్ పూసినాడా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే మీరు ఆడింది హోలీ కాదు" అన్నది. అతనికి మరొక మంచి చొక్కా లేదని తరువాత తెలిసింది.

పండుగ కట్టుబాట్లను సడలిస్తుంది. అది దాని స్వభావం. ఏడాది పొడుగునా బిగిసి ఉన్న తారతమ్యాలు ఒక్క పూటయినా కరగకపోతే లోకానికి ఊపిరాడదు. కాని ఏడాదంతా మాట చెల్లేవానికే ఆనాడు కూడా చెల్లితే సడలినది ఏమిటి? బర్సానాలో నందగావ్ పురుషులను స్త్రీలు కర్రలతో కొడతారు. వారు డాలు అడ్డుపెట్టుకోవచ్చునే గాని తిరిగి చేయెత్తరాదు. ఆ ఒక్క ఆటతో కాపురాలు మారిపోతాయని నేను అనను. అయినా బలవంతుడు దెబ్బ కాచుకోవడం అందులో ఉన్నది.

బృందావనంలో భజనలతో కాలం గడిపే వితంతువులు రంగు ముట్టరాదన్నది చిరకాలపు ఆచారం. 2013లో వారు ఆశ్రమంలో హోలీ ఆడినారు. 2016లో గోపీనాథ మందిరంలోనే ఆడినారు. ఆ తెల్లచీరెలపై పడినదీ, పాలవాని చొక్కాపై మేము చల్లినదీ రంగే. ఒకదానిని వారు చేయి చాచి అందుకొన్నారు. రెండవదానిని అతడు చేతులు జోడించి భరించినాడు.

హోలిక కథ మనకు తెలిసినదే. అగ్ని తనను అంటదన్న వరం ఆమెకు ఉన్నది. ఆ ధీమాతోనే ప్రహ్లాదుని ఒడిలో పెట్టుకొని మంటలో కూర్చున్నది, తానే దగ్ధమయింది. తనకు ఏ కీడూ రాదన్న భరోసా పరపీడకు అనుమతి కాదని ఆ మంట చెబుతున్నది. రాత్రి ఆ మంటకు ప్రదక్షిణం చేసి, తెల్లవారి ఆ ధీమానే పిచికారీలో నింపుకొంటే మనం కాల్చినది కట్టెలను మాత్రమే. 'కోపం లేదు' అన్న మాట రంగు పడినవాడు చెప్పవలసినది. చల్లినవాడు దానికోసం వేచి ఉండవలసినవాడు.