ప్రసాదమునకు పరిమితి కలదా?

విజయదశమినాటి సాయంకాలము మలక్‌పేట వీథులలో ఒక పెద్దాయన వెంట నడచినచో ఈ ప్రశ్న తానై ఎదురగును. జమ్మి ఆకు చేతబట్టి ఆయన మూసారాంబాగులోని బంధువుల యింటికి పోవును. శరణార్థి చెప్పి కూర్చుండునంతలో లడ్డూ చేతికి వచ్చును. సైదాబాదులో చెల్లెలింట గారెలు, పాయసము. గంజు దగ్గరి వ్యాపారియైన మిత్రునింట మరల మిఠాయి. "అన్నా, ప్రసాదము; కాదనవద్దు" అని చెల్లెలు వేడుకొనును. చక్కెరవ్యాధికి మాత్రలు మ్రింగుచున్న ఆ మనిషి కాదనలేడు. కాదనుట ప్రసాదద్రోహమేమో యను భయమొకటి, తోబుట్టువు ముఖము చిన్నబోవునను మొగమాట మొకటి. దీపావళి అమావాస్య వరకు ఇరువది దినములు ఇదే వరుస.

ఇట్టివారు నేడు ఏ యొకరిద్దరో కారు. భారత వైద్య పరిశోధనా మండలి జరిపించిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. దేశమున 10 కోట్లకు పైగా జనులు మధుమేహముతో నున్నారనియు, మరి 13 కోట్లకు పైగా దాని గడపలో నిలిచియున్నారనియు వానివలన తేలినది. మన నగరమున తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి సూచనలలో దినమునకు 25 గ్రాములు మించిన చక్కెరను అధికమనినది. అనగా అయిదు చిన్న చెంచాలు. గిన్నెడు పాయసముతోనే ఆ లెక్క తీరిపోవచ్చును.

బలవంతపు వడ్డనకు గొడగూచి కథను సాక్ష్యముగా చూపువారుండవచ్చును. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో ఆ పసిబాలిక, తండ్రి ఊరికి పోవుచు అప్పగించిన పనిగా శివునికి పాలు కొనిపోవును. విగ్రహము త్రాగకపోగా ఏడ్చును, బతిమాలును, ప్రాణము విడుతుననును. తుదకు శివుడు త్రాగును. కథ మధురమే. కాని గొడగూచి పట్టుపట్టినది నిత్యము అర్పించు పాలకొరకే. త్రాగిన పిదప మరియొక గిన్నె తెచ్చి పోయలేదు. అదియునుగాక శివునికి చక్కెరవ్యాధి లేదు!

ప్రసాది పళ్లెములో మెతుకు మిగల్చడు. పళ్లెము కడిగిన నీటినైనను పారబోయడు. ఈ నియమమే అసలు చిక్కునకు మూలమని తోచును. నిదానించి చూచినచో చిక్కు విప్పునదియు నిదియే. మిగల్చరాదన్నప్పుడు, ఎంత కావలెనో వడ్డనకు ముందే చెప్పుట తినువాని ధర్మము. విని అంతయే వడ్డించుట పెట్టువాని ధర్మము. వద్దన్నను వడ్డించి, ఆపై "మిగల్చరాదు సుమా" యనుట నియమమును ఉచ్చుగా మార్చుట. దాసోహమనగా నేను దాసుడనని గదా! చాలుననిన మాటను త్రోసివేయువాడు ఆ క్షణమున దాసుడు కాడు, యజమానుడు.

పూర్వులు బలవంతము చేయుటకు కారణము లేకపోలేదు. ఆమడల దూరము నడచివచ్చిన అతిథి ఆకలియున్నను సిగ్గుచే అడుగడు. అతనిని రెండుమార్లు అడుగుట కరుణ. నేటి అతిథి నాలుగిండ్లలో తిని అయిదవ యింటికి వచ్చుచున్నాడు. అతనికి చిటికెడు ప్రసాదము కన్నులకద్దుకొని స్వీకరించిన చాలదా? ప్రసాదత్వము తూకముతో పెరుగునది కాదు. కాయకమునకు సాధనమైన దేహమును పండుగ తరువాత పక్షము దినములు మంచమున పడవేసిన భక్తిని బసవన్న మెచ్చునా?

వంటింటి సంగతి వేరు. సద్దుల బతుకమ్మకు ముందునుండియే పొయ్యి ఆరదు. ఒకనాడు వేచిన నూనెనే మరునాటికిని వాడుట పొదుపనుకొందురు; మరల మరల కాగిన నూనెలో చెడుపదార్థములు పెరుగును. అంతకు మించినది ఇల్లాలి ఉపవాసము. ఉదయము మాత్ర వేసికొనును, లింగపూజ ముగించును, అర్పితమగును. అయినను అతిథులు తినువరకు తాను ముట్టదు. రెండు గంటలు దాటును. చక్కెరను తగ్గించు కొన్ని మందులు వేసికొని భోజనమాలస్యము చేసినచో చెమటలు పట్టును, చేతులు వణకును, మూర్ఛయు రావచ్చును. దానిని పండుగ అలసట యనుకొందురు. జంగమసేవలో ఇల్లాలు ఆకలితో పడిపోవలెనను విధి ఏ శరణుడును చేయలేదు. "అమ్మా, నీవు తింటివా?" యని పంక్తిలో కూర్చున్నవారిలో ఎందరు అడిగిరి?